దండెం రాయి మీద శిలువ

కుట్టుషాపు, వెనక గది
మార్చి 3

మరదలు పిల్లకి,

యాభై ఏడేళ్లు వచ్చినదాన్ని పిల్ల అంటావేమిటని మూతి ముడవకు. నేను నీ వదినని. నాకు తొంభై వచ్చినా నువ్వు పిల్లవే.

మొన్న మంగళవారం పొద్దున ఇద్దరు మనుషులు వచ్చారు, ఒకాయన పొడుగు, ఇంకొకాయన పొట్టి. ఇద్దరి మెడల్లోనూ కొలత టేపులు వేలాడుతున్నాయి. మన వృత్తివాళ్లే కాబోలని లోపలికి పిలిచి కుర్చీలు వేశాను. వాళ్లు నా కుర్చీల వైపైనా చూడకుండా తిన్నగా పెరట్లోకి వెళ్లి మన దండెం రాయికి కొలతలు తీయడం మొదలెట్టారు. ఎత్తెంత, నడుమెంత, భుజాలెంత.

"ఏం నాయనా, దానికి చొక్కా కుట్టిస్తారా?" అన్నాను.

పొట్టాయన నవ్వాడు. పొడుగాయన మాత్రం, "అమ్మా, ఇది మూడు వేల ఏళ్ల నాటి నిలువురాయి. దీనికి బట్టల దండెం కట్టకూడదు" అన్నాడు.

"మూడు వేల ఏళ్లు ఊరికే నిలబడింది కదా. నేను కాపురానికి వచ్చాకే కాస్త పనికొచ్చింది" అన్నాను.

అప్పుడు ఆయన మీ అన్న తడి ప్యాంటు పక్కకి జరిపి దాని వెనకున్న శిలువ చూశాడు. చూశాక ఇద్దరూ టోపీలు తీసేశారు. నిజం చెప్పొద్దూ, నాకు కాస్త సిగ్గేసింది. రాతిలో వేలెడు లోతున చెక్కిన ఆ శిలువని పెళ్లినాటి నుంచీ చూస్తున్నాను. దాని మీద దుప్పట్లు ఆరేశాను, లంగాలు ఆరేశాను. అది ఎవరు చెక్కారు, ఎందుకు చెక్కారు అని ఒక్కనాడైనా అడగలేదు. మీ అన్నని అడిగినా చెప్పేవాడు కాదులే. రోజంతా షెడ్డులో సమాధి రాళ్ల మీద, ఇంటి పలకల మీద అక్షరాలు చెక్కి చెక్కి, ఇంట్లోకి వచ్చేసరికి ఆయన దగ్గర మాటలు మిగలవు.

అసలు సంగతికి వస్తాను. వాళ్లు మీ పాత కట్టడాల ఆఫీసువాళ్లేనట. అక్కడే ఎవరో పనిగట్టుకుని ఈ రాయి పేరు కాపాడాల్సిన రాళ్ల జాబితాలోకి ఎక్కించారట. కందకు లేని దురద కత్తిపీటకెందుకో! ఆ మహానుభావుడెవరో కనుక్కుని పేరు రాసి పంపు. వాళ్లకి నా చేత్తో ఒక చొక్కా కుట్టి పంపుతాను. చేతులు రెండూ వీపు వైపు పెట్టి.

పెరట్లో ఒక చిన్న పని మొదలెట్టాను. ఏమిటని అడక్కు.

నీ వదిన


పాత కట్టడాల ఆఫీసు
రెండో అంతస్తు, కిటికీ పక్క బల్ల
మార్చి 12

సూది వదినకి,

నీ ఉత్తరం చదివి నవ్వు ఆపుకోలేకపోయాను. పక్క బల్ల ఆయన దగ్గుతున్నాననుకుని మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

రాయి సంగతి చెబుతాను, విను. దాన్ని నిలబెట్టినవాళ్లు ఎవరో, ఎందుకు నిలబెట్టారో ఎవరికీ తెలీదు. అప్పటికి రాత కూడా లేదు. వాళ్లకి శిలువంటే ఏమిటో తెలీదు. తర్వాత రెండు వేల ఏళ్లకి ఎవరో వచ్చి దాని మీద శిలువ చెక్కారు. వాళ్లకి రాయి ఎవరిదో తెలీదు. ఒకరి మొహం ఒకరు చూడకుండానే ఇద్దరూ కలిసి ఒక పని చేశారన్నమాట. అలాంటివి మాకు దొరికేదే అరుదు.

మా పై అధికారి గురించి నీకు ఎప్పుడైనా రాశానా? ఆఫీసంతా ఆయన్ని ఆధారం సారు అంటారు. ఏం చెప్పినా "ఆధారం ఉందా?" అంటాడు. మొన్న టీ తెచ్చిన మనిషి "చక్కెర వేశాను సార్" అంటే, "ఆధారం?" అన్నాడు. ఆయన త్వరలో మీ ఇంటికి వస్తాడు. కుర్చీ వేస్తే కూర్చుంటాడు కానీ, అది కుర్చీయేనని నువ్వు రుజువు చేయాల్సి ఉంటుంది.

జాబితాలోకి ఎవరు ఎక్కించారంటావా, కనుక్కుంటాను. ఇక్కడ పాతిక మందిమి ఉన్నాం. ఏ ఫైలు ఎవరి చేతి మీదుగా వెళ్తుందో ఆ దేవుడికే తెలియాలి.

అక్టోబరులో నా ఉద్యోగం అయిపోతుంది. ముప్పై మూడేళ్లు గీతలు గీశాను, ఇక స్కేలు కింద పెట్టేయమంటున్నారు. గడియారాల షాపు మీద నా అద్దె గది ఉండనే ఉంది. గంట కొట్టే వేళకి కింద పన్నెండు గడియారాలు పన్నెండు రకాలుగా కొడతాయి. ఇరవై ఆరేళ్లుగా నాకు సరైన టైము తెలీదు, అయినా ఏమీ మునిగిపోలేదు.

పెరట్లో ఏం కడుతున్నావు? కోళ్ల గూడా?

మీ గీతలమ్మ


కుట్టుషాపు
ఏప్రిల్ 9

గీతలమ్మకి,

కోళ్ల గూడు కాదు. గది. మూడో మిషను వేసుకోవడానికి. ఇక అడక్కు అన్నానా లేదా?

నడుమెత్తు గోడ లేచిందో లేదో మీ ఆఫీసు నుంచి నోటీసు దిగింది. రాయి చుట్టూ పదిహేను అడుగుల లోపు ఏ కట్టడమూ కట్టరాదట. గది పునాది పదకొండు అడుగుల దగ్గరుంది. మేస్త్రి నోటీసు రెండుసార్లు చదివి, తాపీ జేబులో పెట్టుకుని, తాను కట్టిన గోడ మీదే ఎక్కి కూర్చున్నాడు. నాలుగు రోజులుగా అక్కడే ఉన్నాడు. టీ ఇస్తే తాగుతాడు. దింపడం నా వల్ల కాలేదు.

నిన్న మీ ఆధారం సారు వచ్చాడు. ఆయన వచ్చేలోగా రాయి మీద పెద్ద దుప్పటి కప్పాను. దాచడానికి కాదు, దుమ్ము పడుతుందని. ఆయన దుప్పటి తీసి నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను. ఆయన భూతద్దం పెట్టుకుని, రాయి ముందు మోకాళ్ల మీద కూర్చుని, గంటసేపు కదల్లేదు. నాకే జాలేసి ఒక దిండు తెచ్చి మోకాళ్ల కింద పెట్టాను.

అప్పుడు మీ అన్న షెడ్డులోంచి బయటికి వచ్చాడు. చేతిలో ఉలి, ఒళ్లంతా తెల్ల దుమ్ము. వచ్చి సారు పక్కన నిలబడి అన్నాడు కదా, "ఆ శిలువ పాతది కాదండి. నేను చెక్కిందే. ఇరవై రెండో ఏట."

నా చేతిలో టీ గ్లాసు జారిపోయింది.

"ఆధారం?" అన్నాడు సారు.

మీ అన్న ఉలి చూపించాడు.

"ఎందుకు చెక్కారు?"

మీ అన్న చాలాసేపు ఆలోచించి, "తోచక" అన్నాడు.

సారు పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. మీ అన్నతో సంతకం పెట్టించుకున్నాడు. ఉత్త నిలువురాళ్లు ఊరూరా బోలెడున్నాయట, శిలువ కొత్తదైతే ఇదీ మామూలు రాయి కిందే లెక్క, జాబితాలోంచి తీసేస్తాం అన్నాడు. మేస్త్రి అప్పుడే గోడ దిగి సిమెంటు కలపబోయాడు. "ఆగవయ్యా, ఎద్దు ఈనిందంటే దూడని గాటన కట్టెయ్యమంటావేమిటి" అని నేనే ఆపాను.

ఇంతకీ ఆ పేరు ఇంకా రాయలేదు నువ్వు. వీపు వైపు చేతుల చొక్కాకి గుడ్డ కూడా తీసిపెట్టాను. పసుపుది.

నీ వదిన


పాత కట్టడాల ఆఫీసు
ఏప్రిల్ 17

వదినా,

అన్నయ్య చెప్పింది అబద్ధం. ఆ సంగతి నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇరవై రెండో ఏట ఆయన అమ్మని అడక్కుండా మంచినీళ్లు కూడా తాగేవాడు కాదు. ఆయనకి తోచకపోవడమా! తోచనప్పుడు నిద్రపోయేవాడు.

చిక్కేమిటంటే, ఆధారం సారు ఆ ఫైలు నా బల్ల మీదే పెట్టాడు. "చెక్కినాయన మీ అన్నగారట. ఉలి దెబ్బల బొమ్మ గీసి, నిజమో కాదో తేల్చి రాయండి" అన్నాడు. "సార్, మా అన్న విషయం నేనే తేల్చడం బాగుంటుందా?" అన్నాను. "మీరు అబద్ధం రాస్తారా?" అన్నాడు. రాయనన్నాను. "ఆధారం?" అన్నాడు. ముప్పై మూడేళ్ల సర్వీసులో నాకు కోపం వచ్చిన రోజు అదొక్కటే.

అన్నయ్యని ఆ మాట వెనక్కి తీసుకోమని చెప్పు. ఇప్పుడైతే "పొరపాటు పడ్డాను" అంటే సరిపోతుంది. నా బొమ్మ వెళ్లాక అయితే పరువు పోతుంది.

తీసుకోనంటే మాత్రం నాకు ఒక సాయం చెయ్యి. గుడ్డ కోసేముందు కొలతలు గీసుకునే నీ పేపర్ కటింగ్ కాగితం పల్చగానే ఉంటుంది కదా, ఒక పెద్ద షీటు శిలువ మీద పెట్టి నాలుగు మూలలా అంటించు. దాని మీద నల్ల మైనపు రంగు పెన్సిలు అడ్డంగా పెట్టి మెల్లగా రుద్దు. రాతి మీది ప్రతి దెబ్బా కాగితం మీదికి వచ్చేస్తుంది. చుట్టి పంపు.

గది కట్టడం నాలుగు నెలలు ఆగితే ఏమవుతుంది? మూడో మిషను ఇన్నేళ్లూ లేకుండా గడిచిందిగా?

మీ గీతలమ్మ


కుట్టుషాపు
ఏప్రిల్ 28

మరదలు పిల్లకి,

ఇదిగో నీ కాగితం. రుద్ది రుద్ది మోచేతుల దాకా నల్లబడ్డాను. కొలతలివ్వడానికి వచ్చినావిడ నన్ను చూసి బొగ్గుల షాపు అనుకుని వెనక్కి వెళ్లిపోయింది.

మీ అన్న మాట వెనక్కి తీసుకోడట. "అన్నమాట అన్నానంతే" అంటున్నాడు. పెళ్లయ్యాక ఆయన ఇంత గట్టిగా నిలబడటం ఇదే మొదలు. నాకైతే ముచ్చటేస్తోంది. నువ్వు కాస్త అటూ ఇటూ చూసి సంతకం పెట్టేయి. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు చెప్పు? రాయి ఎక్కడికీ పోదు, జాబితాలో లేకపోయినా నిలబడే ఉంటుంది.

నాలుగు నెలలు ఆగమన్నావు. ఆగడానికి లేదు. అక్టోబరులోపు కప్పు పడాలి. ఎందుకని అడిగావో, ఉత్తరాలు మానేస్తాను.

కింద మీ అన్న ఏదో రాస్తానంటున్నాడు. కలం అందుకుని పది నిమిషాలైంది.

నీ వదిన

చెల్లీ,
అది నేనే చెక్కాను.
అన్న


గడియారాల షాపు మీద గది
మే 14

వదినా,

ఇది ఆఫీసులో కూర్చుని రాసే ఉత్తరం కాదు, అందుకే ఇంటి నుంచి రాస్తున్నాను.

నివేదిక పంపేశాను. శిలువ పాతదేనని రాశాను.

నువ్వు పంపిన కాగితం చాలా బాగా వచ్చింది, అదే కొంప ముంచింది. అన్నయ్యది ఎడమ చెయ్యి. ఆయన చెక్కిన ఏ రాతి మీదైనా దెబ్బలు ఎడమ నుంచి ఏటవాలుగా దిగుతాయి. చిన్నప్పుడు షెడ్డులో పక్కన కూర్చుని చూసినదాన్ని, నాకు ఒకరు చెప్పాలా? శిలువలో ఒక్క దెబ్బ కూడా అలా లేదు, అన్నీ కుడిచేతివే. పైగా గాడి అడుగున బూడిదరంగు రాతి పాచి పట్టి ఉందని సారు ఆ రోజు భూతద్దంతో చూసి రాసుకున్నాడు. అది అరచేతంత పెరగడానికి కొన్ని వందల ఏళ్లు కావాలి. అన్నయ్యకి అరవై ఒకటి.

ఆయన రాసిన ఆ చిన్న ఉత్తరంలో నిజాలు రెండే ఉన్నాయి. చెల్లీ అన్నదొకటి, అన్న అన్నదొకటి.

నేను వేరేలా రాసి ఉండొచ్చు. రాత్రంతా అలాగే రాద్దామనుకున్నాను కూడా. పొద్దున బల్ల ముందు కూర్చున్నాక చెయ్యి రాలేదు. నన్ను తిట్టు, ఫరవాలేదు. ఉత్తరం మాత్రం రాయి.

మీ గీతలమ్మ


కుట్టుషాపు యజమానురాలి కార్యాలయం
మే 23

గౌరవనీయులైన పాత కట్టడాల ఆఫీసు డ్రాయింగు విభాగం వారి దివ్యసముఖానికి,

తమరి లేఖ అందినది. చదివి సంతోషించితిమి.

తమరి నివేదిక ప్రతి ఒకటి తపాలాలో మా ఇంటికి కూడా వచ్చినది. అందులో మా ఆయనను "సదరు వ్యక్తి చెప్పినది నమ్మదగినది కాదు" అని తమరు రాసియున్నారు. సదరు వ్యక్తి దానిని చదివి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకుని, షెడ్డులోనికి పోయి తలుపు వేసుకున్నాడు. సదరు వ్యక్తి తమరి సొంత అన్న. తమరికి సైకిలు నేర్పినవాడు. తమరు గుంటలో పడితే తమరికంటే ముందు ఏడ్చినవాడు.

గోడ నడుమెత్తున ఆగిపోయినది. మేస్త్రి వేరే ఊరు పనికి పోయినాడు.

ఇక ఈ భాష నా వల్ల కాదు. మామూలుగా రాస్తాను.

ఏమే, నీ కళ్లకి రాళ్లు తప్ప మనుషులు కనబడరా? మూడో మిషను గదికి గోడ అలమరా ఎందుకు? తూర్పు కిటికీ కింద పొడుగాటి బల్ల ఎందుకు, బొమ్మలు గీసుకునే ఎత్తులో? అక్టోబరులోపు కావాలని నేను ఎందుకు కొట్టుకుంటున్నానో నీకు ఒక్కసారైనా అనుమానం రాలేదా? అది నీ గది. నీకోసం కడుతున్నాం. ఉద్యోగం అయిపోయాక ఆ గడియారాల నెత్తిన ఒక్కదానివే ఎందుకు పడి ఉండాలని మీ అన్న అన్నాడు. ఆయన నోట అంత పొడుగు మాట నేనెప్పుడూ వినలేదు. కప్పు పడ్డాక చెబుదామనుకున్నాం. అది ఆగిపోతుందనే ఆయన పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అబద్ధమాడాడు. దాన్ని నువ్వు ఏటవాలు, నిలువు అని కొలిచి పారేశావు.

ఆ రాయి పేరు జాబితాలోకి ఎక్కించినవాళ్లు కనబడితే, వాళ్లకీ నీకూ కలిపి ఒకటే చొక్కా కుడతాను.

వదిన


గడియారాల షాపు మీద గది
మే 30

వదినా,

ఒకటే చొక్కా చాలు. ఎక్కించింది నేనే.

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, అందుకని నేనే చెబుతున్నాను. జనవరిలో రోడ్డువాళ్ల నుంచి ఒక కాగితం వచ్చింది. రోడ్డు పక్క తమ జాగాలో ఉన్న నలభై రాళ్లు పగలగొట్టి కంకర చేసుకుంటాం, మీకేమైనా అభ్యంతరమా అని. ముప్పై రెండో రాయి మనది. పెరడు చివర అది నిలబడ్డ చోటు రోడ్డువాళ్లదేనని నాకూ అప్పుడే తెలిసింది. ఇలాంటి కాగితాల మీద "అభ్యంతరం లేదు" అని ముద్ర వేసి కింద పెట్టడమే నా పని. ముద్ర చేతిలోకి తీసుకున్నాను కూడా. వేయలేకపోయాను. అభ్యంతరం ఉందని రాశాను. ఇన్నేళ్లలో నాకంటూ ఉన్న అభ్యంతరం అదొక్కటే.

వెంటనే నీకు చెప్పాల్సింది. చెప్పేలోపు నీ ఉత్తరం వచ్చింది, వీపు వైపు చేతులతో. నవ్వుతూ తప్పించుకున్నాను. తర్వాత నోటీసు వచ్చింది, ఇంకా భయమేసింది. నేను కాపాడిన రాయే నా గదికి అడ్డం పడిందని నీ ఉత్తరం చదివేదాకా తెలీదు. చదివాక మెట్ల మీద కూర్చుండిపోయాను. గడియారాలాయన పైకి వచ్చి "ఏమైందమ్మా, ఆగిపోయారు" అన్నాడు. ఆయనకి అందరూ గడియారాల్లాగే కనబడతారు.

అన్నయ్యకి నా క్షమాపణ చెప్పు. చెప్పకపోయినా సరే, షెడ్డు తలుపు సందులోంచి ఈ ఉత్తరం లోపలికి తోసెయ్యి.

మీ దొంగ


కుట్టుషాపు
జూన్ 26

దొంగకి,

నాలుగు వారాలు ఉత్తరం రాయకపోతే వదిన అలిగిందనుకున్నావా? అలిగాను. రెండు వారాలు అలిగాను. మూడో వారం అలగడానికి తీరిక దొరకలేదు. ఎందుకో విను.

నీ ఉత్తరం మీ అన్నకి ఇచ్చాను. చదివి, "కంకరా!" అన్నాడు. అంతే. సాయంత్రం షెడ్డు తలుపు తీసే ఉంది.

పదహారో తారీఖున ఆధారం సారు, ఆ పొడుగాయన, పొట్టాయన మళ్లీ దిగారు. రాయిని ఖాయంగా జాబితాలో వేసేముందు దాని మొదట్లో తవ్వి చూడాలట, అది రూలట. రాయికి తాళ్లు కట్టి, అటూ ఇటూ దుంగలు ఆనించి, ఒక పక్కన గొయ్యి తీశారు. చెంచాలంత తాపీలతో, బ్రష్షులతో తవ్వుతున్నారు. ఆ వేగంతో నేనైతే ఒక బొత్తాం కాజా కూడా కుట్టను.

మోకాలి లోతుకి వెళ్లేసరికి రాయి కదలకుండా చుట్టూ కూరిన రాతి ముక్కలు బయటపడ్డాయి. పొట్టాయన ఒకటి తీసి తుడిచి, "సార్, దీని మీద రాత ఉంది!" అని కేక పెట్టాడు. సారు గొయ్యిలోకి దూకినంత పని చేశాడు. రాత పుట్టకముందు రాయి కింద రాత! మట్టి దులిపి పైకి చదివాడు.

"కుక్కలున్నవి జాత్రగ్త."

ఇంకోటి తీశారు, దాని మీద "డాకర్టు గారి ఇల్లు" అని ఉంది. మూడోది సమాధి పలక, రెండు ముక్కలైంది. అతికించి చూస్తే, "నా ప్రియమైన భారము జ్ఞాపకార్థం."

భార్య అని చెక్కబోయి భారము అని చెక్కాడు, మహానుభావుడు!

ఇవి ఎవరి ఘనకార్యాలో మీ అన్న గొయ్యి అంచున నిలబడి చూడగానే పోల్చేశాడు. ఉలి దెబ్బలన్నీ ఎడమ నుంచి ఏటవాలుగా ఉన్నాయట, మీ తాతదీ తనలాగే ఎడమ చెయ్యేనట. "తాతయ్యవి" అన్నాడు. మీ తాతకి చెయ్యి బంగారమే కానీ అక్షరాల దగ్గర అదృష్టం లేదని మీ అమ్మ చెప్పేది. చెడిపోయిన పలకలన్నీ ఎక్కడ పారేసేవాడో అప్పట్లో ఎవరికీ అంతుపట్టలేదట. ఇదిగో, ఇక్కడ పూడ్చాడు.

అంటే తేలిందేమిటి? మూడు వేల ఏళ్ల రాయి ఇక్కడ మూడు వేల ఏళ్లుగా లేదు. మీ తాతే ఎక్కణ్ణించో లాక్కొచ్చి ఇక్కడ పాతాడు. సారు భారము పలక గుండెలకి హత్తుకుని "ఆధారం! ఇంతకంటే ఆధారం ఏం కావాలి!" అంటున్నాడు. ఆయన మొహం అంత వెలగడం చూసి నాకు కూడా సంతోషమేసింది.

మర్నాటి నుంచి ఆ ఇద్దరూ ఇనుప చువ్వలు పట్టుకుని పొడుచుకుంటూ తిరిగారు. వెనక కంచె అవతల మిట్ట ఉంది చూడు, ఊరి ఉమ్మడి జాగా, అక్కడ ఒకచోట చువ్వ మెత్తగా దిగింది. తవ్వితే నల్లమట్టి నిండిన గొయ్యి, చుట్టూ పేర్చిన చిన్నరాళ్లు. అడుగు కొలిస్తే మన రాయికి చెప్పు కాలికి సరిపోయినట్టు సరిపోయింది.

ఇక నీ ఆఫీసువాళ్లు ఏమంటారో నువ్వే రాయాలి.

నీ మీద కోపం పోయిందని కాదు. ఉంది. కానీ పలకలు చూసినప్పుడు మొదట నీకు చెప్పాలనిపించింది. అది నాకే చిరాగ్గా ఉంది.

వదిన


పాత కట్టడాల ఆఫీసు
ఆగస్టు 7

వదినకి,

ఆర్డరు వచ్చేసింది! రాయిని దాని మొదటి గోతిలోనే తిరిగి నిలబెట్టాలి. పెరడు మీది ఆంక్ష ఈ ఆర్డరు తారీఖు నుంచే ఉండదు. మిట్ట ఊరిది కాబట్టి రోడ్డువాళ్లు ముట్టుకోలేరు. ఆధారం సారు సంతకం పెట్టి, ఇంక్ ఆరేదాకా ఊది మరీ నాకు ఇచ్చాడు. తాతయ్య పలకలు మూడూ ఇప్పుడు ఆయన గదిలో ఉన్నాయి. కుక్కల పలక తలుపు దగ్గర పెట్టుకున్నాడు. లోపలికి వెళ్లాలంటే అందరికీ భయంగా ఉంది.

గది కట్టుకో. మూడో మిషను వేసుకో. నేను మాత్రం రాను వదినా.

కోపగించుకోకు, పూర్తిగా చదువు. మీ ప్రేమ నాకు తెలీక కాదు. ఇరవై నాలుగో ఏట ఉద్యోగానికి వచ్చాను. అప్పటి నుంచి నా టీ నేనే పెట్టుకున్నాను, నా జ్వరాలు నేనే పడ్డాను. ఇప్పుడు వచ్చి అన్న పంచన చేరితే పొద్దున లేచి నేనేం చేయాలి? నువ్వు కుడుతుంటే చూడాలా? అన్నయ్య చెక్కుతుంటే చూడాలా? పనిలేని మనిషి ఇంట్లో ఒకరుంటే ఎంత బరువో నాకు తెలుసు. తాతయ్య పలక మీది మాట నా మీద నిజమవుతుంది.

పండక్కో పబ్బానికో చుట్టపుచూపుగా వస్తాను. గదిలో రెండు రోజులుంటాను. అది చాలు.

నీ మరదలు


కుట్టుషాపు
సెప్టెంబరు 12

మరదలు పిల్లకి,

నిన్న రాయిని లేపారు. క్రేను వచ్చింది, పద్నాలుగు మంది మనుషులు వచ్చారు. మేస్త్రి ఎవరూ పిలవకుండానే వచ్చి అందరికీ సలహాలిచ్చాడు. గొలుసులు బిగించి ఎత్తితే ఆ రాయి నేల మీంచి మెల్లగా లేచి గాల్లో తిరిగింది. ఆ తిరగడంలో శిలువ మీద ఎండ పడింది. ఇన్నేళ్లలో అంత స్పష్టంగా నేను చూడనే లేదు. ఎంత తిన్నగా చెక్కాడో! నాలుగు చేతులూ తాడు పట్టి గీసినట్టున్నాయి.

మిట్ట మీది గోతిలోకి దింపాక, అది గుటుక్కున కూర్చుంది. మీ అన్న వెళ్లి శిలువ గాడిలో వేలు పెట్టి ఆ చివరి నుంచి ఈ చివరి దాకా తడిమాడు. సారు వైపు తిరిగి, "నేను అబద్ధం చెప్పానండి. ఇది చెక్కినవాడు నాకంటే మంచి పనివాడు" అన్నాడు. సారు ఆధారం అడగలేదు. తలూపి, మీ అన్న భుజం మీది దుమ్ము దులిపాడు.

ఇక నీ పంచన చేరడం సంగతి. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అంటారు, అయినా చెబుతాను. ఉలికిపడేది నువ్వు కాదు, నేను.

నాకు గీత కనబడటం లేదే. ఏడాది పైనే అయింది. కుట్టు వరకూ ఫరవాలేదు, వేళ్లకి తెలుసు. కటింగ్ దగ్గరే చిక్కు. చాక్ పీసుతో గీసిన గీత రెండుగా కనబడుతుంది. పోయిన నెల బడి యూనిఫారాలకి పద్దెనిమిది చొక్కాలు కోశాను, అన్నింటికీ రెండు చేతులూ ఎడమవే. వీపు వైపు చేతులని నీ మీద వేసిన జోకు నా మీదే పడింది. గుడ్డంతా పాడు. మీ అన్నకి కూడా చెప్పలేదు. నీ కాగితం రుద్దినప్పుడు ఆ దెబ్బలు ఎటు వాలాయో నాకు కనబడి ఉంటే నీకు పంపేదాన్నా? నా అక్షరాలు ఉత్తరం ఉత్తరానికీ లావవుతున్నాయి, రాళ్ల మీది గీతలు కొలిచే నీకు అది తట్టనే లేదు.

డాక్టరు కళ్లజోడు మార్చాడు, చుక్కలు ఇచ్చాడు, ఇంతకంటే బాగుపడదన్నాడు.

నాకు పేపర్ కటింగ్ చేసేవాళ్లు కావాలి. కొలతలు చెబితే కాగితం మీద వెంట్రుకవాసి తేడా లేకుండా గీసేవాళ్లు. అలాంటి చెయ్యి నాకు తెలిసి ఒక్కటే ఉంది, దాన్ని మీ ఆఫీసువాళ్లు అక్టోబరు ముప్పై ఒకటిన వదిలేస్తున్నారు. తూర్పు కిటికీ కింద బల్ల బొమ్మలు గీసుకోవడానికని రాశాను కదా, అది సగం అబద్ధం. అది కటింగ్ బల్ల. మొదటి నుంచీ అంతే. అడగడానికి మొహం చెల్లక గది నీకోసమని, ప్రేమని, ఏవేవో రాశాను. ప్రేమ కూడా ఉందిలే, అది వేరే.

రెండు రోజులకి చుట్టపుచూపుగా వస్తే నాకు లాభం లేదు. వస్తే పనికి రా. నాతో పోట్లాడటం కూడా పనిలోకే వస్తుంది.

నీ ఆర్డరు రాగానే మేస్త్రి తిరిగొచ్చి గోడలు లేపాడు, కప్పు కూడా పడింది. మేస్త్రి గుమ్మం దగ్గర తలుపు నిలబెట్టుకుని ఉన్నాడు. లోపలికి తెరుచుకోవాలా, బయటికి తెరుచుకోవాలా అంటాడు. ఇంటివాళ్లనే అడగమన్నాను. నీ గది, నువ్వే చెప్పు.

వదిన


పాత కట్టడాల ఆఫీసు
సెప్టెంబరు 19

వదినా,

లోపలికి. బయటికి తెరిస్తే వచ్చినవాళ్లు గుమ్మం దాకా వచ్చి ఒక అడుగు వెనక్కి వేయాల్సి వస్తుంది. ఇప్పటికే చాలా అడుగులు వెనక్కి వేశాను.

యూనిఫారాల కొలతలు ఈ టపాలోనే పంపు. కుడిచేతులు నేను గీస్తాను.

నీ మరదలు పిల్ల